మండని సీసా

‘శుభ్రమైన చేతులు’ ధారావాహిక: పదకొండో వారం

పోయిన వారం డాక్టర్ ఉల్ఫాను పట్టికల ముందు తల పట్టుకుని కూర్చున్న చోట వదిలేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. పక్కన పెట్టిన పుదీనా టీ మాత్రం చల్లారిపోయింది.

మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ట్యూనిస్‌కు దగ్గర్లోని నాబుల్ ఊళ్ళో ఇబ్తిసామ్ ప్రసూతి ఆసుపత్రి. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డులో ఐదు వారాల్లో ఇద్దరు బిడ్డలు పోయారు. మూడో బిడ్డ అద్దాలపెట్టెలో కొట్టుమిట్టాడుతోంది. ముగ్గురి రక్తంలోనూ దొరికింది ఒకే క్రిమి, దాని పేరు సెరేషియా. గాజుపళ్ళెంలో పెంచితే కుంకుమ చల్లినట్టు ఎర్రగా పూస్తుంది. చూడ్డానికి ఎంత అందమో అంత పాడు ముండ. అది ఎక్కణ్ణించి వస్తోందో కనిపెట్టాల్సిన బాధ్యత ఉల్ఫాది. ఆసుపత్రుల్లో అంటుకునే రోగాల మీద పదిహేనేళ్ళుగా పరిశోధన చేస్తున్న మనిషి. కుళాయిలు, గొట్టాలు, పాలసీసాలు, దుప్పట్లు, చివరికి గోడ గడియారం కూడా వదలకుండా నూట పద్నాలుగు నమూనాలు తీసింది. ఒక్కదాంట్లోనూ ఎరుపు పుయ్యలేదు.

ఆ తర్వాత చేతుల వంతు వచ్చింది. వార్డులో పనిచేసే ఇరవైరెండుమంది చేతులు పరీక్షిస్తే ఐదుగురి చేతుల్లో పూసింది. నలుగురు నర్సులు, ఐదోది వార్డు తుడిచే మబ్రూకా. నర్సులకు సంఘం ఉంది, సంఘానికి నోరుంది. మబ్రూకాకు రెండూ లేవు. అందుకని ఆసుపత్రి అధికారి సీ హమ్మాదీకి (‘సీ’ అంటే మన ‘గారు’) నిజం ఏమిటో అరనిమిషంలో తెలిసిపోయింది. ఇవాళ సాయంత్రం నాలుగు గంటల సమావేశంలో ఆమె పేరు కాగితం మీద పెట్టి పైకి పంపేస్తాడు. ఐదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం చేస్తున్న మబ్రూకా జులైలో పర్మనెంటు కావాలి. కాగితం కదిలిందంటే ఉద్యోగం పోవడం అటుంచి, ఇద్దరు పసిబిడ్డల చావు జీవితాంతం ఆమె పేరుకు అంటుకుని ఉంటుంది.

మొదటి బిడ్డకు జ్వరం వచ్చిననాడు మబ్రూకా సెలవులో ఉందని ఉల్ఫాకు తెలుసు. ఆ సంగతి చెప్పింది కూడా. “సెలవుకు ముందే అంటించి వెళ్ళుంటుంది,” అన్నాడు సీ హమ్మాదీ. అలాంటి మనిషితో ఏం వాదిస్తాం.

ఇప్పుడు రెండు దాటింది.

ఉల్ఫా ముందు రెండు పట్టికలు ఉన్నాయి. ఒకటి ఎవరి చేతుల్లో క్రిమి ఉందో చెప్పేది. రెండోది ఆవిడ సొంత పరిశోధనది. ఎవరు ఎన్నిసార్లు చేతులు శుభ్రం చేసుకోవాలో, ఎన్నిసార్లు చేసుకున్నారో విద్యార్థుల్ని తలుపుల దగ్గర నిలబెట్టి లెక్క తీయించింది. ఏడాది కిందట వందకు ముప్ఫైఎనిమిదిసార్లు మాత్రమే శుభ్రం చేసుకునేవాళ్ళు. రంజాన్ నెలలో అది తొంభైఒకటికి ఎక్కింది. దేశంలో ఏ ఆసుపత్రిలోనూ లేని అంకె. ఆ అంకె తేలిన రోజు ఉపవాసం విడిచే వేళకు ఉల్ఫా వార్డుకు కేకు తెచ్చింది, అంకెను పెద్ద అక్షరాలతో అచ్చువేయించి గోడకు అంటించింది. గురువారం రాజధాని ట్యూనిస్‌లో పెద్దపెద్దవాళ్ళ ముందు దాని మీదే మాట్లాడాలి.

ఆ రెండు పట్టికల్నీ పక్కపక్కన పెట్టేసరికి ఆవిడ బుర్ర తిరిగిపోయింది. క్రిమి దొరికిన ఐదుగురే, చేతులు అందరికన్నా ఎక్కువసార్లు శుభ్రం చేసుకున్న ఐదుగురు కూడా. చేతులు కడుక్కోమంటే పిల్లాడిలా వీపు తిప్పుకుపోయే డాక్టర్ ఫెతీ చేతులు నిక్షేపంగా ఉన్నాయి. ఇదేం న్యాయం? కడిగినవాళ్ళు మురికి, కడగనివాడు శుభ్రం. పట్టికలు తారుమారు చేసి చూసింది, తేదీలు మార్చి చూసింది, కాగితం తిరగేసి వెలుతురులో కూడా పట్టి చూసింది. దాని మొండితనం దానిదే. ఉల్ఫాకు ఏడుపొక్కటే తక్కువ.

కూర్చుంటే తెగేది కాదని బిడ్డను చూద్దామని వార్డుకు బయల్దేరింది. తలుపు పక్కన గోడకు బిగించిన శానిటైజర్ సీసాను అలవాటుగా మోచేత్తో నొక్కి, చేతులు రుద్దుకుంటూ లోపలికెళ్ళింది. అద్దాలపెట్టె పక్కన మూడుకాళ్ళ పీట మీద బిడ్డ తల్లి హయాత్ కూర్చుని ఉంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, కుండలు చేసేవాళ్ళ కోడలు. నాలుగు రోజులుగా నిద్ర లేదు.

“డాక్టరమ్మా, ఒక్క మాట అడగనా? ఏమీ అనుకోరు కదా?”

“అడుగు తల్లీ.”

“మీ ఇంట్లో పెళ్ళేమన్నా ఉందా?”

“లేదే. ఎందుకు?”

“మీ చేతులు పెళ్ళివారి చేతుల్లా ఘుమఘుమలాడుతున్నాయి.” హయాత్ సిగ్గుపడింది. “మీవనే కాదు, నర్సమ్మలందరివీ అంతే. వచ్చిన రోజు నేను అనుకున్నా, ఇదెంత మంచి ఆసుపత్రీ, చుట్టాలకి చల్లినట్టు గుమ్మంలోనే పూలనీళ్ళు పోసి పంపిస్తున్నారని. మా అత్తగారైతే రెండుసార్లు రాసుకుంది. రెండోసారి మొహానికి కూడా.”

ఉల్ఫా అరచేతుల్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. నారింజపూలు.

ఆవిడకు ఇన్నాళ్ళూ ఎందుకు తెలియలేదని అడిగితే, నాబుల్‌లో పుట్టిన ఎవరికి మాత్రం తెలుస్తుంది? ఈ రెండు నెలలూ ఇంటింటా పెరట్లో రాగిబాన పొయ్యి మీద ఉంటుంది. పుల్లనారింజ పూలు గోతాలకెత్తి పోసి, ఆవిరి పట్టి, పూలనీళ్ళు దించుతారు. కాఫీలో అదే, మిఠాయిలో అదే, గుండెదడకు అదే, పసిపిల్లల కడుపునొప్పికీ అదే. ఊరంతా ఆ వాసనలో మునిగి ఉన్నప్పుడు రెండు అరచేతుల్లో వేరే వెతుక్కునేదెవరు? రాగిబానలు లేని పక్క ఊరి నుంచి వచ్చింది కాబట్టి హయాత్‌కు తెలిసింది.

ఉల్ఫా మళ్ళీ గుమ్మం దగ్గరికెళ్ళింది. సీసా నొక్కి అరచేతిలో పట్టుకుని, రుద్దకుండా నిలబడింది. శానిటైజర్ అయితే చురుక్కుమని చల్లగా తగిలి, పది లెక్కపెట్టేలోపు ఆరిపోవాలి. ముప్ఫై లెక్కపెట్టింది. చెయ్యి తడిగానే ఉంది. 

సీసా గోడ నుంచి ఊడదీసి కొంగులో దాచినట్టు తెల్లకోటు లోపల పెట్టుకుని తన గదికి తెచ్చింది. కాపలావాడి దగ్గర అగ్గిపెట్టె అడిగి తీసుకుంది. సామానుగది నుంచి సీలు తియ్యని శానిటైజర్ డబ్బా తెప్పించింది. దాంట్లోది ఒక గాజుపళ్ళెంలో నాలుగు చుక్కలు పోసి పుల్ల గీసి పెడితే భగ్గుమని నీలంగా మండింది. గోడసీసాలోది ఇంకో పళ్ళెంలో పోసి పుల్ల పెట్టింది. సుయ్యిమని పుల్లే ఆరిపోయింది. రెండోసారీ అంతే. ఆవిడ అగ్గిపెట్టె మూసి పక్కన పెట్టింది.

నూట పద్నాలుగు నమూనాల్లో ఆ సీసా లేదు. సబ్బును సబ్బుతో కడుగుతామా, శానిటైజర్‌ని ఎవరైనా పరీక్షకు పంపుతారా? పైగా ఒక్కో నమూనా తీసేముందు ఆవిడ శ్రద్ధగా చేతులు రుద్దుకున్నది దాంతోనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఐదు వారాలుగా ఆ చేతులతోనే అద్దాలపెట్టెల్లో బిడ్డల్ని ముట్టుకుంది. భయం వేసింది, సిగ్గు వేసింది. ఇంత జరిగినా బుర్రలో ఒక మూల, ఇదంతా ఏదో పొరపాటు, ఇంకోసారి పుల్ల గీస్తే మండుతుందేమో అనే పిచ్చి ఆశ కూడా ఉంది.

చుక్క తీసి గాజుపళ్ళెంలో పెంచడానికి పెట్టింది. ఎర్రగా పూస్తుందో లేదో తెలియడానికి రేపటిదాకా ఆగాలి. సమావేశం నాలుగింటికి.

నర్సుల గదిలో జొహ్రా ఒక్కతే ఉంది. ముప్ఫైరెండేళ్ళ సర్వీసు, ఆ వార్డుకు పెద్ద నర్సు. ఉల్ఫా చదువుకునే రోజుల్లో అరచెయ్యంత బిడ్డకు సూది ఎక్కడ వెయ్యాలో చెయ్యి పట్టి నేర్పింది ఆవిడే. కట్లు కట్టే గాజుగుడ్డ మడతలు పెడుతోంది.

“జొహ్రా పిన్నీ, శానిటైజర్ సీసాలో పూలనీళ్ళు పోసింది ఎవరు?”

“నేనే,” అంది జొహ్రా, మడత ఆపకుండా. “కుర్చీ లాక్కుని కూర్చో. మొహం ఏంటలా పీక్కుపోయింది? పొద్దున ఏమన్నా తిన్నావా?”

ఉల్ఫా పోట్లాటకు సిద్ధపడి వచ్చింది. దబాయింపుకైనా, ఏడుపుకైనా జవాబు దగ్గర పెట్టుకుంది. ఈ జవాబు మాత్రం ఆవిడ లెక్కలో లేదు. కూర్చుంది.

“ఎందుకు పోశావ్?”

“ఎందుకేంటి? నువ్వే కదా అందరి చేతా రాయించమన్నావ్. రంజాన్‌లో వచ్చే ముసలమ్మలు స్పిరిట్ వాసన తగిలితే చాలు, చెయ్యి వెనక్కి లాక్కునేవాళ్ళు. ‘జన్మలో సారా చుక్క ముట్టనిదాన్ని, ఉపవాసం నోటితో చేతులకి సారా పూసుకోమంటావా’ అని నన్ను తిట్టిపోసేవాళ్ళు.”

“తప్పు లేదని మత పెద్దలే చెప్పారు కదా. గుమ్మం మీద కాగితం అంటించాను.”

“అంటించావులే. కళ్ళజోడు మర్చిపోయి వచ్చిన ముసలమ్మకి నీ కాగితం ఏం కనబడుద్ది? మన నర్సు పిల్లలు మాత్రం తక్కువా, నమాజుకి ముందు అది రాసుకోమంటే గొణుక్కునేవాళ్ళు. సరే, రెండు చెంచాలు మా ఇంటి పూలనీళ్ళు కలిపా. అంతే. అడగక్కర్లేకుండా వరసకట్టి మరీ రాసుకున్నారు. ఒకావిడైతే చిన్న సీసా తెచ్చి కాస్త పొయ్యమంది.”

“రెండు చెంచాలైతే మండేది పిన్నీ. ఇది నీళ్ళే.”

జొహ్రా మొదటిసారి చేతులు ఆపింది. “అందరూ రాసుకుంటుంటే డబ్బాలు చాల్లేదు. సామానుగది వాడు వారానికి రెండే ఇస్తానన్నాడు. కొంచెం కొంచెం ఎక్కువ కలుపుతూ వచ్చా. చివర్లో సగం పైనే అయ్యుంటుంది. పూలనీళ్ళేగా, మురిక్కాలవ నీళ్ళు కాదుగా. ఆవిరి పట్టి దించింది. నువ్వు పుట్టినప్పుడు నీ కళ్ళు కూడా వాటితోనే తుడిచి ఉంటారు మీ వాళ్ళు.”

“దించినప్పుడు శుభ్రమే. ఏడాదిపాటు వంటింటి సీసాలో పెట్టి, మూత తీసి పెట్టి, తీసి పెట్టి... ఆ క్రిమికి అలాంటి నీళ్ళంటేనే ఇష్టం పిన్నీ. స్పిరిట్ ఉంటే చచ్చేది. లేదు కాబట్టి ఇల్లు కట్టుకుంది. మనం ఎన్నిసార్లు చేతులు రుద్దుకుంటే అన్నిసార్లు దాన్ని బిడ్డల దగ్గరికి మోసుకెళ్ళాం.”

జొహ్రా తన చేతుల వంక చూసుకుంది. ఆవిడ చేతులు ఆ వార్డులో అందరికన్నా బాగా పనిచేసే చేతులు. పట్టికలో క్రిమి దొరికిన మొదటి పేరూ ఆవిడదే. తిట్టడానికి వచ్చిన ఉల్ఫాకు ఆవిణ్ణి చూస్తే జాలి, తనను చూసుకుంటే అసహ్యం కలిగాయి. తొంభైఒకటి అని గోడకు అంటించిన అంకె తన ప్రతిభ అనుకుంది. అందులో సగం పైన జొహ్రా పెరటి నారింజచెట్టు పుణ్యం. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, చేతుల శుభ్రం మీద ఉపన్యాసం ఇవ్వాల్సిన డాక్టరు ఇక్కడ కూర్చుని ఉంది.

“ఇద్దరూనా?” అంది జొహ్రా చిన్నగా. “నా వల్లేనా ఇద్దరూ?”

“రేపు ఖాయంగా తెలుస్తుంది. కానీ మూడో బిడ్డ ఇంకా ఉంది. నాలుగింటికి నువ్వు నాతో వచ్చి సీ హమ్మాదీ ముందు ఇదంతా చెప్పాలి. లేకపోతే మబ్రూకాని బలి ఇస్తారు.”

“వస్తా. మబ్రూకా మీదకి పోనిస్తానా నేను?” జొహ్రా లేచి కండువా సర్దుకుంది. అంతలోనే ఆగిపోయింది. “ఆగాగు. మూడో బిడ్డ, ఆ హయాత్ కూతురు, ఎప్పుడు పుట్టింది?”

“రంజాన్ పండగ వెళ్ళిన పదోరోజు.”

“అయితే అది నేను కాదు తల్లీ.”

“అంటే?”

“పండగ నుంచీ నేను చుక్క కలపలా. పాత నీళ్ళు అయిపోయినయ్. కొత్తగా దించినవి కొన్నాళ్ళు కదపకూడదు, మా ఇంట్లో ఎవరూ మూత తియ్యరు. పండగ అయిన మర్నాడే ఆ సీసా దించి, వేడినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, కొత్త డబ్బా పోశా. ఒట్టి స్పిరిట్. కావాలంటే సామానుగది పుస్తకం చూడు, ఆరోజు నా సంతకం ఉంటది.”

“ఇందాక పుల్ల పెడితే ఆరిపోయింది పిన్నీ.”

“ఆరిపోతే ఆరిపోయింది. నేను పొయ్యలేదంటున్నాగా. రెండు నేరాలు ఒప్పుకున్నదాన్ని మూడోదానికి అబద్ధం చెప్తానా?”

ఆ మాటలో న్యాయం ఉంది. ఉల్ఫాకు ఇప్పుడే కొంచెం తేరుకున్న నీళ్ళను ఎవరో మళ్ళీ కెలికినట్టయింది. జొహ్రా మానేసింది. సీసాలో ఇంకా పూలనీళ్ళే ఉన్నాయి. మరి పోస్తున్నదెవరు? నర్సులందర్నీ పిలిచి అడిగితే, ఎవరికి వారే జొహ్రా పోస్తోందనుకున్నామన్నారు. ఒకమ్మాయి మాత్రం, “పెద్ద డాక్టరమ్మే ఏదో కొత్త రకం తెప్పించారనుకున్నా,” అని ఉల్ఫా వైపే చూసింది. గడియారం నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

సమావేశం గదిలో సీ హమ్మాదీ బల్లకు ఆ చివర, మబ్రూకా ఈ చివర కూర్చున్నారు. మబ్రూకా కుర్చీ అంచు మీద సగమే కూర్చుంది, పూర్తిగా కూర్చుంటే ఎవరన్నా ఏమన్నా అంటారేమో అన్నట్టు. బల్ల మీద కాగితం అచ్చు కొట్టి సిద్ధంగా ఉంది.

ఉల్ఫా వరసగా చెప్పింది. మండని సీసా గురించి, పూలనీళ్ళ గురించి, రంజాన్ గురించి. జొహ్రా లేచి, నేనేనని చెప్పి కూర్చుంది. సీ హమ్మాదీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సంఘం ఉన్న మనిషి నేరం ఒప్పుకోవడం ఆయనకు ఏమాత్రం నచ్చలేదు.

“సరే, పండగ ముందు సంగతి అది. పండగ తర్వాత పోసిందెవరు? మూడో బిడ్డకి ఎవరు జవాబు చెప్తారు?”

“ఇంకా తెలియదు. కనుక్కుంటాను. అందాకా మబ్రూకా పేరు...”

“నేనేనండి,” అంది మబ్రూకా.

అందరూ ఆవిడ వంక తిరిగారు. ఆవిడ ఎవర్నీ చూడటం లేదు, కానీ గొంతు స్థిరంగానే ఉంది. 

“పండగయ్యాక పోసింది నేనేనండి. మా ఇంటివే, పోయినేడు దించినవి. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు పోశా, అడుగంటినప్పుడల్లా. తప్పని నాకు తెలీదు. నా అంతట నేనైతే ఆ సీసా ముట్టుకునేదాన్ని కాదు, డాక్టరమ్మ పొయ్యమంటేనే పోశా.”

“ఏ డాక్టరమ్మ?” అన్నాడు సీ హమ్మాదీ.

“ఈవిడే. పండగ తర్వాత గురువారం, లెక్కలు రాసుకునే పిల్లలు వచ్చిన రోజు. నేను వసారా తుడుస్తున్నా. డాక్టరమ్మ ఫోన్లో మాట్లాడుతూ వచ్చి సీసా నొక్కారు, రాలా. ‘ఇదేంటి, లెక్క తీసే రోజున ఖాళీగా పెట్టారు? రోజూ ఏం పోస్తారో అదే పోసిపెట్టు’ అన్నారు. రోజూ ఏం పోస్తారో రంజాన్ నెలంతా వాసన చూస్తానే ఉన్నాగా. ఇంటికి పరిగెత్తుకెళ్ళి తెచ్చి పోశా.”

ఉల్ఫాకు ఆ గురువారం గుర్తుంది. ఫోను గుర్తుంది, అవతల ట్యూనిస్ నుంచి మాట్లాడిన మనిషి గుర్తున్నాడు. తడి వసారా, కాలు జారబోయి గోడ పట్టుకోవడం గుర్తున్నాయి. ఆ మాట అన్నట్టు మాత్రం గుర్తు లేదు. అనలేదని చెప్పడానికీ ఏమీ గుర్తు లేదు. మబ్రూకా మొహం ఆ వసారాలో ఎంత వెతుక్కున్నా కనబడలేదు. ఐదేళ్ళుగా రోజూ ఎదురయ్యే మనిషి, ఒక్కసారైనా ఆగి మొహం చూసిందా తను? కానీ మాట తీరు తనదే. లెక్క తీసే రోజున అలా మాట్లాడేది ఆ ఆసుపత్రి మొత్తంలో తనొక్కతే.

సీ హమ్మాదీ కుర్చీలో ముందుకు జరిగాడు. “డాక్టర్ ఉల్ఫా, ఇలా అన్నారా మీరు?”

మబ్రూకా తలెత్తి ఉల్ఫాను చూసింది. ఆ చూపులో నింద లేదు. తనకున్న ఒకే ఒక్క సాక్షిని చూస్తున్న నిశ్చింత ఉంది.

“చెప్పండమ్మా,” అంది. “నా మాటెవరూ వినరు. మీరు చెప్తే వింటారు.”